మండువా స్తంభాల అడుగులు కుళ్లాయి, వీధి మిద్దె కురుస్తోంది. ముందు ఏది పట్టుకోవాలి?

లోగిలి_మూలపేట

నెల్లూరు మూలపేటలో పాత మండువా ఇల్లు. వీధి వైపు రెండు గదులకు మద్రాసు మిద్దె (చెక్క దూలాల మీద ఇటుక, సున్నం కాంక్రీటు వేసిన చదును కప్పు). ఆ వెనక మండువా, దాని చుట్టూ 8 అడుగుల వసారా, లోపలికి వాలే నాటు పెంకుల కప్పు. మండువా 14 అడుగులకు 14 అడుగులు. చుట్టూ 8 టేకు స్తంభాలు, ఒక్కోటి 7 అంగుళాల మందం. గోడలు 18 అంగుళాలు: ఇటుక, మట్టి అడుసు, పైన సున్నప్పూత.

నైరుతి, ఆగ్నేయ మూలల స్తంభాలు, తూము పక్కనున్న నడిమి స్తంభం అడుగున మెత్తబడ్డాయి. స్క్రూడ్రైవరు ఆనిస్తే అంగుళంన్నర దిగుతోంది. మిద్దె గదుల్లో పెద్దదానికి 7 దూలాలు, 10 అడుగుల పొడవు. రెండింటికి గోడలోకి పోయే చోట నల్ల మరక. గోడలకు ఎప్పుడో నేల నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు పూశారు. తడితే డొల్లగా మోగుతోంది, ఆ గీతకు పైన ఉప్పు పూస్తోంది.

బేల్దారి మేస్త్రి చెప్పేదేందంటే, స్తంభాలు తీసేసి పిల్లర్లు పోద్దాం, మిద్దె పగలగొట్టి స్లాబు వేద్దాం, గోడలకు వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మళ్లీ సిమెంటు కొడదాం అని. స్తంభాల మీద బోదెలకు (దూలాన్ని మోసే తల చెక్కలకు) మంచి చెక్కడం ఉంది, పోగొట్టుకోవాలని లేదు. ఏది ముందు, ఏ కొలతలతో చెయ్యాలి? ఫోటోలు ఐదు పెట్టాను.

ఆచారి_కావలి

అన్నా, మీ రెండో ఫోటో పెద్దది చేసి చూశా. స్తంభం టైలులోంచి మొలిచినట్టుండాది. పీట రాయి కనపడ్డంలా. రోగం అక్కడే మొదలైంది.

ఈ ఇళ్లలో చెక్క నేలను తాకదు. నేల మట్టం కన్నా పైకి రాతి పీట లేస్తాది, దాని మీద స్తంభం కూర్చుంటాది. మీ వసారాలో టైల్సు వేసినప్పుడు కింద సిమెంటు మాలు రెండంగుళాలు, టైలు అర అంగుళం పోసి పీటను పూడ్చేసి ఉంటారు. రోజూ కడిగే నీళ్లు స్తంభం చుట్టూ సందులోంచి దిగతాయి. సిమెంటు ఆ చెమ్మను వదలదు. చెక్క అడుగున నరాలు నిలువుగా తెగి ఉంటాయి కాబట్టి దీపం వత్తి నూనె పీల్చినట్టు పైకి పీలుస్తాది. టేకు చేవ ఎంత గట్టిదైనా ఏడాది పొడుగునా తడిలో ఉంటే ఆగదు. పైన ఉన్న తెల్ల చెక్క ఇంకా ముందు పోతాది. స్తంభాలు మార్చి టైలు అట్నే ఉంచితే కొత్తవి కూడా ఇదే దారి పడతాయి.

ముందు మూడు స్తంభాల చుట్టూ అడుగున్నర మేర టైలు, మాలు తీసి పీట చూడండి. సన్న ఉలితో కింది నుంచి రెండంగుళాలకొకసారి పొడిచి, ఎంత ఎత్తు దాకా మెత్తగా ఉందో సుద్దతో గీత పెట్టండి. సుత్తితో తడితే బాగున్న చెక్క కంగుమంటాది, పోయిన చెక్క బొదబొదమంటాది. కొలతలు ఇక్కడ రాస్తే పని చెప్పగలను.

కుళ్లిన చోట ఎపాక్సీ పోసి నింపమని చెప్పేవాళ్లుంటారు. కిటికీ చట్టానికైతే సరే. బరువు మోసే స్తంభం అడుగుకు వద్దు. కింద చెమ్మ ఉండగా పైన ప్లాస్టిక్కు కప్పినట్టు అయితాది, దాని వెనక మంచి చెక్క కుళ్లతాది.

ఒంగోలు_కట్టడాలు

ఆచారి గారు చెప్పింది సరైంది. దానికి తోడు ఇంకో కారణం ఉంది. పాడైన మూడింట్లో రెండు మూల స్తంభాలే ఎందుకయ్యాయి? లోపలికి వాలే రెండు కప్పులు కలిసే లోయ సరిగ్గా ఆ మూల మీదికే దిగిద్ది. చుట్టూ కప్పు మీద పడే వాననీళ్లలో మూడో వంతు పైన ఆ నాలుగు మూలల దగ్గరే పడిద్ది. లోయలో జింకు రేకు తుప్పు పట్టి చిల్లు పడితే నీళ్లు మూల వాసం వెంట జారి, బోదె మీదుగా స్తంభం ఒంటి మీద నుంచి కిందికి వస్తాయి. మూల వాసం కింది వైపు చూడండి, నల్లటి చారలు ఉంటే ఇదే.

లెక్క చూడండి. వసారా బయటి కొలత 30 అడుగులకు 30 అడుగులు. కప్పు, మండువా కలిపి 900 చదరపు అడుగులు, అంటే 83 చదరపు మీటర్లు. నవంబరులో ఒక తుపాను రోజు 100 మిల్లీమీటర్లు పడితే 8,300 లీటర్లు మండువా గుంటలోకి దిగుతాయి. మీ తూము ఎంతది? నాలుగో ఫోటోలో మూడంగుళాల పీవీసీ పైపులా ఉంది. గంటకు 100 మిల్లీమీటర్ల జోరు వానకు మూడంగుళాల పైపు 20 చదరపు మీటర్లకు సరిపోయిద్ది. నాలుగంగుళాలది 40 పైచిలుకుకు. మీకు ఆరంగుళాలది ఒకటి కావాలి, లేదంటే నాలుగంగుళాలవి రెండు. పాత రాతి తూము దాని కింద పూడిపోయి ఉండొచ్చు, వెతకండి. తూము చాలకపోతే నీళ్లు మండువాలో నిలిచి వసారా అంచు ఎక్కుతాయి. తూము పక్క స్తంభం పోవడానికి అదే కారణం.

ఇక మేస్త్రి చెప్పిన స్లాబు. బరువు వల్ల వద్దంటారు చాలామంది, అది సరైన కారణం కాదు. ఐదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 310 కిలోల పైచిలుకు, మద్రాసు మిద్దె కూడా ఇంచుమించు అంతే. తేడా వేరే చోట ఉంది. ఎండకు, రాత్రి చల్లదనానికి 30 డిగ్రీల తేడా వస్తే 30 అడుగుల స్లాబు 3 మిల్లీమీటర్ల దాకా సాగి ముడుచుకుంటది. కింద గోడ మట్టి అడుసుది, పైన కట్టు బీము లేదు. ఆ సాగుడు గోడ నెత్తిని తోసుకుంటా పోయిద్ది, రెండు మూడు ఎండాకాలాల్లో మూలల్లో వాలు పగుళ్లు వస్తాయి. మిద్దెలో సున్నం, ఇటుక, చెక్క ముక్కలుగా ఉండబట్టి ఎక్కడికక్కడ సర్దుకుంటాయి. పైగా సముద్రం గాలిలో ఉప్పు స్లాబులో కమ్ములను తినిద్ది.

దూలాల కొసలకు: మరక కనిపించే చోట గోడకు ఆనుకుని, దూలం పక్క నుంచి వాలుగా 6 మిల్లీమీటర్ల బరమాతో బెజ్జం వెయ్యండి. పొట్టు పొడిగా, గోధుమ రంగులో రాలితే కొస బాగున్నట్టే, మరక పైపైదే. నల్లగా, ముద్దగా వచ్చినా, బరమా ఒక్కసారిగా లోపలికి జారినా కొస పోయినట్టు. అప్పుడు దూలం మొత్తం మార్చక్కర్లేదు. రెండు పక్కలా 6 మిల్లీమీటర్ల మందం, 5 అంగుళాల వెడల్పు జింకు పూత ఇనుప పట్టీలు పెట్టండి. గోడలో 6 అంగుళాల ఆనుడు, బాగున్న చెక్క మీద కనీసం రెండడుగులు ఉండాలి. 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు. కొస కింద రాతి పలక, చుట్టూ అంగుళం ఖాళీ వదలాలి. మాలుతో పూడిస్తే గాలి ఆడక మళ్లీ కుళ్లిద్ది. పట్టీలు బిగించే ముందు ఆ దూలం కింద ప్రాపులు (తాత్కాలికంగా బరువు మోసే ఆసరాలు) పెట్టడం, ఆ చోటును ఒకసారి ఇంజనీరుకు చూపించడం తప్పనిసరి.

10 అడుగుల దూలం మధ్యలో ముప్పావు అంగుళం వంగి ఉంటే పాత చెక్కకు మామూలే, దారం కట్టి కొలవండి. దాన్ని జాకీతో పైకి లేపి సరిచెయ్యాలని చూడొద్దు, పైన సున్నం కాంక్రీటు పగిలిద్ది.

లోగిలి_మూలపేట

టైలు తీసి చూశాం. పీట రాయి నెత్తి టైలు మట్టానికి అంగుళంన్నర కిందుంది. రాతి మధ్యలో గుంట, స్తంభం అడుగున నాలిక అందులో కూర్చుంది. ఆ గుంటలో నీళ్లున్నాయి. కుళ్లు నైరుతి స్తంభానికి 5 అంగుళాలు, ఆగ్నేయానికి 6, తూము పక్కదానికి 14 అంగుళాలు. తూము మూడంగుళాలదే, పాత రాతి తూము పక్కనే మట్టితో పూడి ఉంది. మూల వాసాలకు చారలు ఉన్నాయి. దూలాల్లో ఒకదానికి పొడి పొట్టు, రెండోదానికి నల్ల ముద్ద.

ఆచారి_కావలి

కొలతలు చూశా. రెండు మూల స్తంభాలకు రాయి ఎత్తు పెంచితే సరిపోతాది. తూము పక్కదానికి చెక్క అతకాలి.

ముందు ఆ మూలలో పైన ఆరడుగుల మేర పెంకులు దించండి. తడిసిన నాటు పెంకులు, వాసాలు కలిపి చదరపు మీటరుకు 100 కిలోలు దాటతాయి. మూల స్తంభం మీద అర టన్ను పైన ఉంటాది. తర్వాత స్తంభానికి అటూ ఇటూ అడుగున్నర దూరంలో, పై దూలం కింద ఇనుప స్క్రూ ప్రాపులు నిలబెట్టాలి. మూల కాబట్టి రెండు దూలాలకూ పెట్టాలి. సరుగుడు కర్రలు సారువకు (పరంజాకు) పనికొస్తాయి గానీ ఇక్కడ వద్దు, వంగతాయి. ప్రాపు కింద రెండంగుళాల మందం పలక, రెండడుగుల పొడవు ఉండాలి, లేకపోతే టైలు పగిలి ప్రాపు దిగిపోతాది. స్క్రూలు అన్నీ ఒకేసారి కాదు, ఒక్కోటి పావు చుట్టు, మళ్లీ మొదటిది. స్తంభం అడుగున కాగితం దూరిందంటే చాలు, ఆపెయ్యండి. అంతకు మించి లేపితే బోదె దగ్గర నాలిక ఊడి వస్తాది, పక్క వాలులో పెంకులు జారతాయి.

కుళ్లు గీతకు రెండంగుళాలు పైన, నాలుగు పక్కలా మూలమట్టం పెట్టి గీసి అడ్డంగా కోయండి. కోసిన ముఖం మీద రసమట్టం ఆనించండి, వాలుంటే చిత్రికతో సరిచెయ్యండి. ఇక్కడ ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తేడా ఉన్నా బరువంతా ఒక అంచు మీద పడి చెక్క చీలతాది.

రాయి: 10 అంగుళాల చదరం, నల్ల రాయి. చీమకుర్తి వైపు కోత మిల్లుల్లో మిగులు ముక్కలు దొరుకుతాయి. పాలిష్ పట్టింది వద్దు, గరుకు ముఖం కావాలి. ఎత్తు మీ కోతను బట్టి, నేల నుంచి కనీసం నాలుగంగుళాలు పైకి రావాలి. పాత పీటలో గుంటను సున్నం, సుర్కీ (ఇటుక పొడి) మాలుతో నింపి, దాని మీద ఈ రాయి కూర్చోబెట్టండి. కొత్త రాతిలో గుంట తవ్వొద్దు. నెత్తి స్తంభం మేర చదునుగా, అక్కడి నుంచి అంచులకు పావు అంగుళం వాలుగా చెక్కించండి, నీళ్లు నిలవవు. రాతికీ చెక్కకూ మధ్య సీసపు రేకు గానీ మార్కాపురం పలక గానీ పెట్టండి. పలకైతే పగుళ్లు లేనిది, స్తంభం కన్నా అర అంగుళం చిన్నది. బయటికి పొడుచుకొస్తే దాని మీద నీళ్లు ఆగతాయి. కదలకుండా 16 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కమ్మి, 316 రకం, రాతిలో నాలుగంగుళాలు, చెక్కలో నాలుగంగుళాలు. మామూలు కమ్మి తుప్పు పట్టి ఉబ్బి రాయిని పగలగొడతాది.

తూము పక్కదానికి 14 అంగుళాలు పోయింది, అంత ఎత్తు రాయి పెడితే వరసలో కళ్లకు కొడతాది. దానికి కింద నాలుగంగుళాల రాయి, పైన టేకు అతుకు. సగం సగం కోసి ఒకదాని పక్కన ఒకటి కూర్చునే అతుకు, పొడవు మందానికి మూడు నాలుగింతలు, అంటే మీకు 24 అంగుళాలు. ఒంటి మీద జారే నీళ్లు లోపలికి పోకుండా అతుకు భుజాలు బయటికి వాలుగా ఉండాలి. 12 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టులు రెండు, నెత్తులు లోపలికి దింపి పైన టేకు బిళ్లలు. అతుకు చెక్క పాత ఇళ్లు ఇప్పిన చోట కొన్న టేకే అయ్యుండాలి. పచ్చి టేకు ఆరతా ఆరతా కుంచించుకుపోయి భుజం దగ్గర సందు విడతాది. అప్పుడు బరువు బోల్టుల మీదికి పోతాది.

దించేటప్పుడూ అంతే, పావు చుట్టు పావు చుట్టు. దించాక ప్రాపులు ఒక వారం వదులుగా అక్కడే ఉంచండి.

గానుగ_సున్నం

మిద్దె, గోడల సంగతి నేను చెబుతాను.

మిద్దె పైకెక్కి ముందు మందం చూడండి. కురిసినప్పుడల్లా ఎవరో ఒకరు పైన ఇంకో పూత వేస్తారు. అంగుళం సున్నం కాంక్రీటు చదరపు మీటరుకు 45 కిలోల పైన బరువు. మూడు పూతలుంటే దూలాల మీద మనుషుల గుంపు ఎప్పుడూ నిలబడ్డట్టే. కొత్తది వేసే ముందు పాతవన్నీ తీసెయ్యాలి, దూలాల మీద నిలువు ఇటుక వరస మాత్రం కదలకూడదు. డ్రిల్లు సుత్తి మిషన్లు వద్దు, చేతి ఉలి, చిన్న సుత్తి.

మద్రాసు మిద్దెలో ఆ ఇటుకలు సన్నవి, 6 అంగుళాలకు 3 అంగుళాలకు 1 అంగుళం. దూలాలకు 45 డిగ్రీల వాలులో, అంచు మీద నిలబెట్టి ఉంటాయి. ఎక్కడన్నా జారి ఉంటే అక్కడి వరకే సున్నం మాలులో మళ్లీ బిగించండి. దాని మీద కాంక్రీటు: ఇటుక కంకర ముప్పావు అంగుళానిది, సున్నం, సుర్కీ, ఇసుక మాలు. మాలు పాళ్లు సున్నపు ముద్ద ఒకటి, సుర్కీ ఒకటి, ఇసుక రెండు. కంకరలో సగం పరిమాణం మాలు. సుర్కీ తప్పదు, వట్టి సున్నం గాలి తగిలిన మేరకే గట్టిపడిద్ది, తడిలో పట్టు రాదు. సుర్కీ ఇటుక బాగా కాలినది కాకూడదు. నల్లగా మాడిన ఇటుక పొడి ఉత్త ఇసుకతో సమానం. లేత ఎరుపు, తక్కువ కాలిన ఇటుకే సున్నంతో కలుస్తుంది. ఇసుక పెన్నది. నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలే ఇసుక ఏదైనా వదిలెయ్యండి.

నాలుగంగుళాలు పరిచి, చెక్క సుత్తులతో కొట్టి మూడంగుళాలకు దించాలి. మనుషులు వరసగా కూర్చుని మూడు రోజుల పాటు కొట్టాలి. సుత్తి దిగబడకుండా ఎగిరి వెనక్కి వస్తుంటే, కంకర చప్పుడు మారి గణగణమంటుంటే చాలు. కొట్టేటప్పుడు చల్లే నీళ్లలో కరక్కాయ, బెల్లం: 60 లీటర్లకు బెల్లం రెండు కిలోల లోపు, కరక్కాయ పగలగొట్టి కిలో, రాత్రంతా నానేసి వడకట్టాలి. బెల్లం ఎక్కువైతే చీమలు పడతాయి, పైపొర జిగటగా ఉండిపోతుంది. కొట్టుడు తగ్గించి పైన సిమెంటు పాలు పోస్తే మొదటి ఎండకే వెంట్రుక పగుళ్లు వస్తాయి. ఈ మధ్య చూసిన కురిసే మిద్దెల్లో ఎక్కువ వాటికి ఇదే కారణం.

వాలు మూడడుగులకు అంగుళం. పిట్టగోడ, మిద్దె కలిసే మూలలో మూడంగుళాల గుండ్రటి కట్ట. పది రోజులు వరిగడ్డి పరిచి తడపాలి. ఆపైన సన్న పెంకు బిళ్లలు రెండు వరసలు, కింది సందు మీద పై బిళ్ల వచ్చేలా. ఆఖర్న తూము మూసి సగం మిద్దెలో అంగుళం నీళ్లు 24 గంటలు కట్టి చూడండి. మరుసటి రోజు మిగతా సగం.

సున్నం కొనేటప్పుడు: పిడుగురాళ్ల సున్నపు రాళ్లు తెప్పించి మీరే నానబెట్టుకుంటే మంచిది. రాళ్లను నీళ్లలో వెయ్యాలి, రాళ్ల మీద నీళ్లు పొయ్యకూడదు, చిమ్మి కళ్లలో పడుతుంది. కళ్లద్దాలు, తొడుగులు లేకుండా దగ్గరికి పోవద్దు. మూడు వారాలు నీళ్ల కింద నానాలి. సంచీ సున్నం కొంటే చిటికెడు తీసి నిమ్మరసంలో వేసి చూడండి. బుసబుసా పొంగితే అది నిల్వలోనే గాలికి చచ్చిన సున్నం, దానితో పట్టు రాదు.

గోడలకు వాటర్‌ప్రూఫ్ సిమెంటు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. నేల చెమ్మ గోడలోకి ఎక్కడం ఆగదు. సున్నప్పూత ఉన్నప్పుడు అది అడుగు ఎత్తులోనే ఆరిపోయేది. సిమెంటు కప్పాక బయటికి దారి లేక నాలుగడుగులు ఎక్కి, గీత దాటాక ఆరుతోంది. నీళ్లు పోయి ఉప్పు అక్కడ మిగులుతోంది. సిమెంటు ఇంకో రెండడుగులు పెంచితే ఉప్పు ఆరడుగుల దగ్గర పూస్తుంది. ఇంగ్లండులో పాత ఓకు చట్రాల ఇళ్లక్కూడా ఇదే జరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు పూతలు పూసి లోపల చెక్కను కుళ్లబెట్టుకున్నారు, ఇప్పుడు వాటిని ఊడదీసి సున్నం పూస్తున్నారు.

బాలాయపల్లె_చెద

స్తంభాలు దించేలోపు చెద మందు కూడా పూర్తి చేసుకోండి, టైలు ఎటూ తీసి ఉంది కదా. గోడా నేలా కలిసే చోట అడుగుకొక 12 మిల్లీమీటర్ల బెజ్జం, బెజ్జానికి లీటరుకు మించకుండా మందు నీళ్లు, తర్వాత మూత. పాళ్లు డబ్బా మీద రాసినవే. గుమ్మాలకు, ద్వారబంధాలకు నీళ్ల మందు వద్దు, నూనెలో కలిపేది కావాలి. 3 మిల్లీమీటర్ల బెజ్జాలు, ఆరంగుళాలకొకటి, కిందికి వాలుగా, చెక్క నడిమి దాకా. ఇంట్లో బావి ఉంటే దాని పక్కన నేలలో మందు పొయ్యొద్దు.

లోగిలి_మూలపేట

అందరికీ దణ్ణాలు. ఇప్పుడు జనవరి. వానలు అక్టోబరు నుంచి అనుకుంటే దేని తర్వాత ఏది?

ఒంగోలు_కట్టడాలు

నెల్లూరులో ఏడాది వానలో సగం పైన అక్టోబరు నుంచి డిసెంబరులోపే పడిద్ది కాబట్టి, మీకు ఎనిమిది నెలలు ఉన్నాయి. ఈ వారమే పాత రాతి తూము తవ్వించి తెరవండి, లోయల్లో రేకు మార్చండి. కొత్త రేకు రెండు వైపులా పెంకుల కిందికి కనీసం తొమ్మిదంగుళాలు పోవాలి. ఫిబ్రవరిలో స్తంభాలు, ఒక్కోటి పూర్తయ్యాకే ఇంకోటి. మూడింటినీ ఒకేసారి ప్రాపుల మీద నిలబెట్టొద్దు. వసారాలో టైల్సు తీసేసి పాత మట్టానికి దించి, మండువా వైపు వాలుగా కడప బండలు సున్నంలో పరిపించండి. మార్చిలో దూలం కొస, మిద్దె. మే నెల ఎండలో సున్నం కాంక్రీటు కొట్టొద్దు, తడి నిలవదు.

గానుగ_సున్నం

గోడలు ఆఖర్న. సిమెంటు మాత్రం ఇప్పుడే దించెయ్యండి, ఉప్పు గీతకు అడుగు పైదాకా. ఇటుక సందుల్లో మట్టి అర అంగుళం లోతు గీకి, ఎండాకాలమంతా గోడను బోసిగా వదిలెయ్యండి, తలుపులు తీసి గాలి ఆడనివ్వండి. జులైలో సందులు సున్నంతో నింపి, మొదటి పూత 12 మిల్లీమీటర్లు, గోరు గుచ్చితే దిగనంత గట్టిపడ్డాక రెండోది. ఈలోపు గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తూనే ఉంటుంది. దాన్ని పొడి బ్రష్షుతో గుడ్డలోకి ఊడ్చి బయట పారెయ్యండి. నీళ్లతో కడగొద్దు, కడిగితే అదే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకి పోతుంది.